ఎండుటాకు నుంచి దండెం మీది బట్ట దాకా: ఎండినవాటిని, ఎండుతున్నవాటిని ఫోటో తీయడం ఎలా?

పాఠకులు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "చేతిలో పట్టుకుని చూస్తే ఎండుటాకు ఎంతో బాగుంటుంది. ఫోటో తీస్తే మాత్రం గోధుమరంగు మచ్చలా వస్తుంది. ఎందుకు?" కొందరు ఇదే ప్రశ్న నెర్రెలు విచ్చిన నేల గురించి అడుగుతారు, కొందరు వాడిన పువ్వు గురించి, కొందరు దండెం మీద ఆరేసిన బట్టల గురించి. అన్నిటికీ జవాబు ఒకటే. ఎండిన వస్తువు ఎండినట్టు కనిపించేది రంగు వల్ల కాదు, నీడ వల్ల.

పచ్చి ఆకుకు రంగు ఉంది, నిగనిగ ఉంది. ఎలా తీసినా ఎంతో కొంత బాగానే వస్తుంది. ఎండాక ఆ రెండూ పోతాయి. మిగిలేవి ముడతలు, పగుళ్ళు, వంకర్లు, గరుకుదనం. అవన్నీ చిన్న చిన్న ఎత్తుపల్లాలు. వెలుగు పక్కనుంచి పడి నీడలు వేస్తే తప్ప కెమెరా వాటిని పట్టుకోలేదు. అందుకే ఈ వ్యాసంలో కెమెరా గురించి కంటే వెలుగు గురించే ఎక్కువ ఉంటుంది.

కావలసినవి

- కెమెరా గానీ ఫోన్ గానీ. మాక్రో లెన్స్ (చిన్న వస్తువులను బాగా దగ్గరనుంచి తీసేది) ఉంటే మంచిదే, లేదని పని ఆగదు.
- ట్రైపాడ్. ఫోన్‌కైతే చిన్న స్టాండ్ చాలు. అదీ లేకపోతే పుస్తకాల దొంతరకు ఆనించండి.
- చిన్న టార్చ్. కెమెరా తర్వాత ఈ పనిలో ముఖ్యమైన వస్తువు ఇదే.
- ఒక తెల్ల కాగితం లేదా థర్మకోల్ ముక్క, ఒక నల్ల చార్ట్, కొంచెం ట్రేసింగ్ పేపర్.
- మెత్తటి బ్రష్, పట్టకారు, చిన్న మైనం ముద్ద.
- పోలరైజర్ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు బిగించి తిప్పుతూ మెరుపును తగ్గించే అద్దం. తప్పనిసరి కాదు, కానీ ఉంటే చాలా పనులకు పనికొస్తుంది.
- ఏరుకొచ్చినవి దాచడానికి కాగితం కవర్లు, ఒక అట్టపెట్టె. ప్లాస్టిక్ కవరు వద్దు. లోపల మిగిలిన కాస్త తేమకే బూజు పడుతుంది.

1. ఎండినదా, ఎండుతున్నదా? ముందు తేల్చుకోండి

చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే షట్టర్ నొక్కేస్తారు. ఇవి రెండు వేర్వేరు ఫోటోలు. వాటికి కావలసిన వెలుగు కూడా దాదాపు ఒకదానికొకటి వ్యతిరేకం.

పూర్తిగా ఎండిన వస్తువులో చూపించాల్సింది దాని ఆకారం, గరుకుదనం. దాని మీద ఎక్కడ మెరుపు కనిపించినా చూసేవాళ్ళ కన్ను దాన్ని తడి అనుకుంటుంది. కాబట్టి మెరుపు తీసేయాలి. ఎండుతున్న వస్తువులో చూపించాల్సింది మార్పు. ఒక పక్క ఇంకా తడి, మరో పక్క పొడి, మధ్యలో సరిహద్దు గీత. ఆ గీత ఫ్రేములో లేకపోతే "ఎండుతోంది" అన్న సంగతి ఎవరికీ తెలియదు. ఇక్కడ మెరుపు ఉండాల్సిందే, ఎందుకంటే తడికి అదే గుర్తు.

తడి నేల, తడి బట్ట, తడి రాయి ముదురుగా కనిపిస్తాయి. గరుకు ఉపరితలం మీదున్న సందులను నీరు నింపేయడంతో వెలుగు బయటికి చెదరకుండా లోపలే చిక్కుకుంటుంది. ఆరేకొద్దీ రంగు లేతబడుతుంది. మీ ఫోటోలో సరిహద్దు గీతగా కనిపించేది ఈ తేడాయే.

2. వస్తువును ఎంచుకోవడం, పట్టుకోవడం

కింద రాలిన ఆకుల్లో మొదట కనిపించినదాన్ని తీసుకోకండి. ఓ పది ఆకులు ఏరి వరసగా పెట్టి చూడండి. బాగా ఎండి, అంచులు లోపలికి చుట్టుకుని, తొడిమ ఇంకా ఊడిపోనిది మంచిది. చదునుగా ఎండిన ఆకు ఫోటోకు అంతగా పనికిరాదు, దాని మీద నీడలు పడవు. ఆకు రెండు వైపులా ఒకే తీరుగా కుంచించుకుపోదు. ఆ తేడా వల్లే వంకర తిరుగుతుంది. మీకు కావలసింది ఆ వంకరే.

సగం ఎండిన ఆకు దొరికితే రాత్రంతా అట్టపెట్టెలో వదిలేయండి. పొద్దున్నకి కొత్త ఆకారం తిరిగి ఉంటుంది. నచ్చిన ఆకారం వచ్చిన రోజునే తీసేయండి, రేపు అది అలాగే ఉండదు.

జాగ్రత్తలు:

- బాగా ఎండినవి ముట్టుకుంటే పొడి అవుతాయి. తొడిమ దగ్గరే పట్టుకోండి, పట్టకారుతో అయితే ఇంకా మంచిది.
- దుమ్ము దులపడానికి నోటితో ఊదకండి. ఊపిరిలోని తేమ తగులుతుంది, పలచటి రేకులు విరుగుతాయి. మెత్తటి బ్రష్ వాడండి. దుమ్మంతా తుడవాల్సిన పని కూడా లేదు. ఫోటోను చెడగొట్టేది దారపు పోగుల్లాంటివి. మట్టి రేణువులు ఉంటే ఉండనివ్వండి.
- బూజు పట్టిన కాయలు, ఆకులు ఇంట్లోకి తేకండి. తీయాలనుకుంటే బయటే తీయండి, మాస్క్ పెట్టుకోండి.
- రక్షిత అడవుల్లో, పార్కుల్లో రాలినవి ఏరుకోవడం కూడా కొన్నిచోట్ల నిషిద్ధం. అక్కడ ఉన్నదాన్ని ఉన్నచోటే తీయండి.
- ఎండుగడ్డి, ఎండు పుల్లల దగ్గర కొవ్వొత్తి, అగ్గిపుల్ల, వేడెక్కే బల్బు వద్దు. "మంచి వెలుగు" కోసం నిప్పు వాడిన ఫోటోలు కనిపిస్తుంటాయి. వాటిని అనుకరించకండి.

3. వెలుగు: సగం పని ఇక్కడే

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఇది చేశాక మిగతా వ్యాసం చదవకపోయినా మీ ఫోటోలు మారతాయి.

గదిలో లైట్లు ఆపేయండి. బల్ల మీద నల్ల చార్ట్ వేసి దాని మీద ఎండుటాకు పెట్టండి. టార్చ్‌ని ముందు ఆకుకి నేరుగా పైన పట్టుకోండి. ఆకు చదునైన గోధుమ ముక్కలా కనిపిస్తుంది, ఈనెలు లీలగా తెలుస్తాయి. ఇప్పుడు టార్చ్‌ని మెల్లగా ఒక పక్కకు దించుతూ రండి. సగం దాకా దిగేసరికి నడిమి ఈనె పక్కన సన్నటి నీడ మొదలవుతుంది. ఇంకా దించండి. టార్చ్ దాదాపు బల్లకు ఆనుకునే స్థితికి వచ్చేసరికి పక్క ఈనెలన్నీ గట్లలా లేస్తాయి. వాటి మధ్య పొర గుంటలు గుంటలుగా, అంచు దగ్గర పురుగు కొరికిన చిన్న రంధ్రం చుట్టూ ఎత్తుగా గట్టిపడిన గీతతో సహా కనిపిస్తుంది. ఆకు అదే, టార్చ్ అదే. మారింది కోణం ఒక్కటే.

ఈ ఏటవాలు వెలుగు ఉపరితలానికి 10 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకోండి. అంతకంటే కిందికి దించితే నీడలు మరీ పొడుగై వస్తువును మింగేస్తాయి. అలా అయినప్పుడు టార్చ్‌కి ఎదురు పక్క తెల్ల కాగితం నిలబెట్టండి. నీడలు పూర్తిగా పోవు, కాస్త మెత్తబడతాయి. వెలుగు మరీ కరుకుగా ఉంటే టార్చ్ ముందు ట్రేసింగ్ పేపర్ పట్టుకోండి.

టార్చ్ బదులు కిటికీ వాడొచ్చు. ఒకే కిటికీ తెరిచి మిగతావన్నీ మూసి, బల్లను కిటికీ పక్కకు జరపండి. వస్తువు కిటికీ చట్రం అడుగుభాగం ఎత్తులో ఉంటే వెలుగు ఏటవాలుగా వస్తుంది. నన్నడిగితే ఫ్లాష్ కంటే, ఖరీదైన లైట్ల కంటే ఇదే మేలు.

బయటైతే ఉదయం, సాయంత్రం సూర్యుడు కిందికి ఉన్నప్పుడు వెళ్ళండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నేల పగుళ్ళు, గడ్డి, బెరడు ఏవీ పలకవు. మధ్యాహ్నం తప్ప వీలుకాదంటే నిటారుగా ఉన్న వస్తువులు వెతకండి. చెట్టు మొదలు మీద, చెక్క తలుపు మీద, పెచ్చులు లేచిన గోడ మీద పైనుంచి పడే ఎండే ఏటవాలు వెలుగు అవుతుంది. నేల మీద చప్పగా కనిపించే ఎండ గోడ మీద ఒక్కో పెచ్చునూ విడివిడిగా చూపిస్తుంది.

ఇంకో దారి ఎదురు వెలుగు. పలచటి ఆకు, రేకు, పొట్టు, గింజల కాయ వెనకనుంచి వెలుగు పడితే లోపలి ఈనెల అల్లిక అంతా బయటపడుతుంది. ఆకును కిటికీ అద్దానికి ఆనించి తీసినా చాలు. కానీ ఎదురు వెలుగులో గరుకుదనం కనిపించదు, అల్లిక మాత్రమే కనిపిస్తుంది. మీకు ఏది కావాలో చూసుకోండి.

వాడకూడనిది కెమెరా మీదుండే ఫ్లాష్. అది మీ కంటి వైపునుంచే వెలుగు వేస్తుంది కాబట్టి ప్రతి నీడా వస్తువు వెనక్కి వెళ్ళి దాక్కుంటుంది.

4. బ్యాక్‌గ్రౌండ్

తక్కువలో తేల్చేయొచ్చు. లేత రంగు వస్తువుకు ముదురు బ్యాక్‌గ్రౌండ్, ముదురు వస్తువుకు లేత బ్యాక్‌గ్రౌండ్. ఎండుటాకును గోధుమరంగు చెక్క బల్ల మీద పెడితే రెండూ కలిసిపోతాయి. చాలామంది చేసే పొరపాటు అదే. నల్ల చార్ట్ మీద వస్తువును పడుకోబెట్టకుండా, అడుగున చిన్న మైనం ముద్ద పెట్టి రెండు మూడు వేళ్ళ ఎత్తున నిలబెట్టండి. చార్ట్ మీది దుమ్ము ఫోకస్ నుంచి తప్పుకుంటుంది.

కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అనే జర్మన్ ఫోటోగ్రాఫర్ మొగ్గలను, తీగలను, గింజల కాయలను సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద ఎన్నో రెట్లు పెద్దవి చేసి తీశాడు. 1928లో ఆ ఫోటోలు పుస్తకంగా వచ్చాయి. వాటిలో అలంకరణ ఏమీ ఉండదు. ఒక్కసారి వెతికి చూడండి, బ్యాక్‌గ్రౌండ్ గురించి నేను చెప్పాలనుకున్నది మొత్తం అక్కడే ఉంది.

5. కెమెరా సెట్టింగులు

ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకు అందే వెలుగు మోతాదు. కెమెరా ప్రతి దృశ్యాన్నీ మధ్యరకం బూడిద రంగుకు లాగాలని చూస్తుంది. లేత రంగు ఎండుగడ్డి, తెల్లబారిన మట్టి, తెల్ల బట్ట ఫ్రేము నిండా ఉంటే ఫోటో మబ్బుపట్టినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 స్టాప్ దాకా పెంచండి (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం). నల్ల చార్ట్ మీద చిన్న ఆకు ఉంటే దీనికి రివర్స్. కెమెరా అంతా తెల్లబరుస్తుంది కాబట్టి మైనస్ 1 దాకా తగ్గించండి.

వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగు ఏదైనా తెలుపును తెలుపుగా చూపించే సెట్టింగు. ఆటోలో వదిలేస్తే కెమెరా గోధుమరంగును తప్పుగా సరిదిద్దాలని చూస్తుంది. నీడలో తీసేటప్పుడు ఎండుటాకులు నీలంగా, ప్రాణం లేనట్టు రావడానికి కారణం నీడలో వెలుగే నీలంగా ఉండటం. ఎండలో 5500 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే లెక్క), నీడలో 7000 దగ్గర మొదలుపెట్టండి. అదే వెలుగులో ఒక తెల్ల కాగితాన్ని కూడా ఫోటో తీసి పెట్టుకుంటే తర్వాత ఎడిటింగ్‌లో రంగు సరిచూసుకోవచ్చు. రా ఫైల్‌లో, అంటే కెమెరా సరిదిద్దకుండా ఉంచే అసలు ఫైల్‌లో తీస్తే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు.

అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 పెట్టండి. ఇంకా పదును కావాలని ఎఫ్/22కి వెళ్ళకండి. అంత చిన్న రంధ్రం గుండా వెలుగు చెదిరిపోయి ఫోటో మొత్తం మెత్తబడుతుంది.

షట్టర్ (వెలుగు ఎంతసేపు పడాలో), ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సార్ ఎంత స్పందించాలో). ట్రైపాడ్ మీద వస్తువు కదలకపోతే ఐఎస్‌ఓ 100 పెట్టి షట్టర్ ఎంత నెమ్మదిగా ఉన్నా భయపడకండి. 2 సెకన్ల టైమర్ పెట్టండి, వేలు తగిలే కుదుపు ఉండదు. ఫ్యాన్ మాత్రం తప్పకుండా ఆపేయండి. ఎండు రేకులు కంటికి తెలియనంత మెల్లగా కూడా ఊగుతాయి.

ఫోన్ వాడేవాళ్ళకు రెండు మాటలు. దగ్గరికి వెళ్ళగానే చాలా ఫోన్లు తమంతట తామే వైడ్ లెన్స్‌కి మారి మాక్రో మోడ్‌లోకి వెళ్తాయి. అప్పుడు ఫోన్ నీడే వస్తువు మీద పడుతుంది, ఆకారం కూడా సాగుతుంది. మాక్రో ఆపేసి కాస్త వెనక్కి జరిగి 2 రెట్ల జూమ్‌తో తీయండి. రెండోది ఇంకా ముఖ్యం. ఫోన్‌లోని ఆటో హెచ్‌డీఆర్ (వెలుగు, నీడల తేడాను తగ్గించే ఏర్పాటు) నీడలను లేపి తెల్లబరుస్తుంది. మనం అంత కష్టపడి తెచ్చుకున్న నీడలను అది తుడిచేస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయండి. ఆపే వీలు లేకపోతే స్క్రీన్ మీద నొక్కి ఫోకస్ లాక్ చేసి, వెలుగు స్లైడర్ కిందికి లాగండి, లేదా ప్రో మోడ్‌లో తీయండి.

6. ఫోకస్

వంకర తిరిగిన ఆకులో ఒక అంచు మీకు దగ్గరగా, ఇంకో అంచు దూరంగా ఉంటుంది. దగ్గరనుంచి తీసేకొద్దీ ఫోకస్‌లో ఉండే లోతు బాగా తగ్గిపోతుంది. మాక్రో లెన్స్‌తో అసలు సైజులో తీస్తే ఎఫ్/8 దగ్గర కూడా ఆ లోతు ఒక మిల్లీమీటరు లోపే. కాబట్టి రెండు దారులు.

మొదటిది, కెమెరాను వస్తువుకు సమాంతరంగా పెట్టడం. ఆకు ఎటు వాలి ఉందో కెమెరాను అటే వాల్చండి. సగం సమస్య తీరిపోతుంది.

రెండోది ఫోకస్ స్టాకింగ్. ట్రైపాడ్ మీద కెమెరాను కదపకుండా, దగ్గరి అంచు నుంచి దూరపు అంచు దాకా ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ 8 నుంచి 15 ఫోటోలు తీయండి. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్, ఫోటోషాప్ లాంటి సాఫ్ట్‌వేర్లు వాటిలో పదునైన భాగాలను ఏరి ఒక్క ఫోటోగా కలుపుతాయి. మధ్యలో ఒక్క మెట్టు వదిలేసినా ఆ చోట మసక చార వస్తుంది. అనుమానం ఉంటే ఎక్కువ ఫోటోలే తీయండి.

అన్నీ పదునుగా ఉండాలని నియమం లేదు. ఒక్కటే తీస్తున్నట్టయితే ఏదో ఒక స్పష్టమైన చోటుకు ఫోకస్ ఇవ్వండి. పగిలిన అంచు, తొడిమ ఊడిన మచ్చ, చుట్టుకున్న కొస, ఇలా. ఆకు మధ్యలో ఏ ప్రత్యేకతా లేనిచోట ఫోకస్ పడితే చూసేవాళ్ళ కన్ను ఎక్కడా నిలవదు.

7. కొన్ని వస్తువులు, వాటి పట్టింపులు

నెర్రెలు విచ్చిన నేల. బంకమట్టి నీరు పోగొట్టుకుని కుంచించుకుపోయేటప్పుడు పగులుతుంది. మొదటిసారి ఎండిన మట్టిలో పగుళ్ళు ఒకదానికొకటి దాదాపు లంబంగా కలుస్తాయి. తడవడం, ఎండటం చాలాసార్లు జరిగిన నేలలో మూడు పగుళ్ళు ఒకేచోట సుమారు 120 డిగ్రీల కోణంలో కలిసి ఆరు పలకల ఆకారాలకు దగ్గరవుతాయి. ఈ తేడా తెలిస్తే మీరు ఫ్రేము పెట్టే తీరే మారుతుంది. అల్లిక చూపించాలంటే కెమెరాను నేరుగా కిందికి వంచి, లోతు చూపించాలంటే మోకాలి ఎత్తుకు దిగి తీయండి. పెచ్చుల అంచులు పైకి లేచిన చోట వెతకండి. పై పొర ముందుగా ఎండి కుంచించుకోవడం వల్ల అలా లేస్తాయి, సాయంత్రపు ఎండకు వాటి నీడలు చాలా బాగుంటాయి. సైజు తెలియడానికి ఒక గింజో, పుల్లో ఫ్రేములో ఉండనివ్వండి. హెచ్చరిక: చెరువు అంచుల్లో పైన పొడిగా కనిపించే పొర కింద బురద ఉండొచ్చు. కర్రతో గుచ్చి చూడకుండా అడుగు వేయకండి.

దండెం మీద బట్టలు. ఇక్కడ తడి-పొడి సరిహద్దు దానంతట అదే దొరుకుతుంది. నీరు కిందికి దిగుతుంది కాబట్టి పైభాగం ముందు ఆరుతుంది, అడుగు అంచు ముదురుగా ఉండిపోతుంది. ఆ గీత స్పష్టంగా కనిపించేది కాసేపే, ముందే ట్రైపాడ్ పెట్టుకుని సిద్ధంగా ఉండండి. గాలికి ఎగిరే బట్టను ఆపాలంటే 1/500 సెకను, ఊపు చూపించాలంటే 1/15. మంచి ఎండలో 1/15కి వెలుగు ఎక్కువైపోతుంది. ఐఎస్‌ఓ 100, ఎఫ్/16 పెట్టినా సరిపోదు, 3 స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే, వెలుగును తగ్గించే ముదురు అద్దం) కావాలి. అడుగు అంచు నుంచి జారే చుక్కను పట్టుకోవాలంటే వెనక ముదురు బ్యాక్‌గ్రౌండ్, ఎదురు వెలుగు, 1/1000 కంటే వేగం. నేత దగ్గరగా ఉన్న బట్టల మీద ఫోటోలో అసలు లేని రంగుల చారలు వస్తే కాస్త దూరం జరిగి గానీ కోణం మార్చి గానీ మళ్ళీ తీయండి. ఎడిటింగ్‌లో వాటిని తీసేయడం చాలా కష్టం.

కాఫీ చుక్క. నాకు బాగా ఇష్టమైనది ఇదే, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. అద్దం పలక మీద ఒక చుక్క కాఫీ వేసి వదిలేయండి. ఎండాక మధ్యలో లేతగా, అంచున ముదురు వలయంగా మిగులుతుంది. చుక్క అంచు అద్దానికి అంటుకుని కదలదు, నీరు అంచు దగ్గరే వేగంగా ఆవిరవుతుంది, ఆ లోటు తీర్చడానికి లోపలి ద్రవం బయటికి పారుతూ రేణువులను అంచుకు మోసుకెళ్తుంది. ఈ సంగతిని శాస్త్రవేత్తలు 1997లో వివరంగా చెప్పారు. అద్దం కింద తెల్ల కాగితం పెట్టి, అడుగునుంచి వెలుగు వేసి, పది నిమిషాలకో ఫోటో తీయండి. అంచు మెల్లగా ముదరడం ఫోటోల వరసలో స్పష్టంగా తెలుస్తుంది.

నిమ్మ ఉప్పు స్ఫటికాలు. పోలరైజర్ ఉన్నవాళ్ళకు మాత్రమే. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, కొంచెం నీటిలో కరిగించి అద్దం పలక మీద పలచగా పూసి ఎండనివ్వండి. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, ఎండిన అద్దాన్ని దాని ముందు పెట్టి, లెన్స్ మీద పోలరైజర్‌ను స్క్రీన్ నల్లబడేదాకా తిప్పండి. స్ఫటికాలు రంగులు రంగులుగా వెలుగుతాయి. ఫోన్ అయితే పోలరైజ్డ్ కళ్ళద్దాలు లెన్స్ ముందు పట్టుకోండి. మామూలు ఉప్పుతో ప్రయత్నించి రంగులు రాలేదని చాలామంది నిరుత్సాహపడతారు. ఉప్పు స్ఫటికాలు ఘనాకారం, వెలుగు వాటిలో అన్ని దిక్కులా ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి ఈ పద్ధతిలో రంగు రాదు. వాటిని ఏటవాలు వెలుగులో తీయండి.

పోలరైజర్ గురించి ఒక మాట. ఎండిన ఆకు మీది మైనపు మెరుపును, బెరడు మీది తెల్లటి తళుకును అది తీసేస్తుంది. బదులుగా ఒకటి నుంచి రెండు స్టాప్‌ల వెలుగు తింటుంది. కానీ ఎండుతున్న నేల, ఆరుతున్న బట్ట తీసేటప్పుడు దాన్ని విప్పేయండి. తడి మెరుపును కూడా అదే చేత్తో తుడిచేస్తుంది.

8. ఎండటాన్నే చూపించాలంటే: టైమ్‌ల్యాప్స్

టైమ్‌ల్యాప్స్ అంటే విరామం ఇస్తూ తీసిన ఫోటోలను వరసగా కలిపి చేసే వీడియో. లెక్క సులువు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 10 సెకన్ల వీడియోకు 240 ఫోటోలు కావాలి. వస్తువు ఎండటానికి పట్టే సమయాన్ని 240తో భాగించండి. 8 గంటల్లో ఆరే మట్టికి 2 నిమిషాలకో ఫోటో. 5 రోజుల్లో వాడి ఎండే పువ్వుకు 30 నిమిషాలకో ఫోటో.

- ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో పెట్టండి. ఒక్కటి ఆటోలో ఉన్నా వీడియో మిణుకుమిణుకుమంటుంది.
- ఎక్కువ గంటలు సాగేదానికి కిటికీ వెలుగు వద్దు, పగలూ రాత్రీ మారుతుంది. కిటికీలు మూసి ఒక ఎల్‌ఈడీ దీపం అలాగే వెలగనివ్వండి. షట్టర్ 1/30 కంటే నెమ్మదిగా పెడితే దీపం మిణుకు ఫోటోల్లోకి రాదు.
- వస్తువు చుట్టూ ఫ్రేములో మూడో వంతు ఖాళీ వదలండి. ఎండేకొద్దీ ఆకు చుట్టుకుంటుంది, పువ్వు తల వాలుస్తుంది. బిగుతుగా పెట్టిన ఫ్రేములోంచి సగంలోనే బయటికి పోతాయి. ఎక్కువ టైమ్‌ల్యాప్స్‌లు పాడయ్యేది ఇక్కడే.
- బ్యాటరీ కాకుండా నేరుగా కరెంటుకు కలపండి.
- బయట తీసేటప్పుడు లెన్స్‌ను సూర్యుడి వైపు గంటల తరబడి పెట్టి వదలకండి, సెన్సార్ దెబ్బతింటుంది.

మొదటిసారి చేసేవాళ్ళకు పైన్ కాయ మంచిది. తడిస్తే రెక్కలు మూసుకుంటుంది, ఆరితే విచ్చుకుంటుంది. ఒక్కో రెక్కలో రెండు పొరలున్నాయి, తేమకు అవి వేర్వేరుగా ఉబ్బుతాయి. నీళ్ళలో నానబెట్టి మూయించి, బయటికి తీసి కెమెరా ముందు పెట్టండి. ఫోటోలు చెడిపోతే మళ్ళీ నానబెట్టి మొదటినుంచి తీసుకోవచ్చు. పువ్వు అలాంటి రెండో అవకాశం ఇవ్వదు.

అంత ఏర్పాటు వీలుకాకపోతే బల్ల మీద టేపుతో గుర్తులు వేసి, రోజూ ఒకే వేళకు, ఒకే దీపం కింద ఒక్కో ఫోటో తీయండి. ఏడు ఫోటోలు పక్కపక్కన పెట్టినా సంగతి చక్కగా తెలుస్తుంది.

9. ఎడిటింగ్

తక్కువ చేయండి. గరుకుదనాన్ని ఎక్కువ చేసి చూపించే క్లారిటీ, టెక్స్‌చర్ స్లైడర్లు పూర్తిగా లాగితే ఎండుటాకు రేకు ముక్కలా కనిపిస్తుంది, అంచుల చుట్టూ తెల్లటి వెలుగు గీత వస్తుంది. 15 నుంచి 20 దగ్గర ఆగండి. రంగులు ముదరబెట్టి ఆకును నారింజ రంగులోకి తేవడం కూడా మానుకోండి. ఎండుటాకు గోధుమరంగులో బూడిద, ఊదా, పసుపు ఛాయలు ఎన్నో దాగి ఉంటాయి, సాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే అవన్నీ ఒకే రంగైపోతాయి. బ్లాక్ అండ్ వైట్‌కి మారిస్తే నారింజ, పసుపు స్లైడర్లు విడివిడిగా కదిపి చూడండి. ఆకు ముదురు, లేత అంతా ఆ రెండింటి చేతిలోనే ఉంటుంది.

10. సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

వస్తువును తీసేయకముందే, దీపం ఆపకముందే ఇవి చూసుకోండి.

- ఫోటోను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. రంగు పోయినా ఎండినట్టే కనిపిస్తే వెలుగు సరిగ్గా ఉంది. చప్పగా మారితే టార్చ్ ఇంకా కిందికి దించాలి. ఒక్క పరీక్షే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.
- బొటనవేలు గోరంత సైజుకు కుదించి చూడండి. అది ఏమిటో ఆకారాన్ని బట్టి తెలియాలి. తెలియకపోతే బ్యాక్‌గ్రౌండ్ మార్చండి.
- ఫోటో గురించి ఏమీ చెప్పకుండా ఎవరికైనా చూపించి "ఇది తడిగా ఉందా, పొడిగా ఉందా?" అని అడగండి. ఎండినదాన్ని తడి అన్నారంటే ఎక్కడో మెరుపు మిగిలింది. వెలుగు కోణం మార్చండి, ట్రేసింగ్ పేపర్ గానీ పోలరైజర్ గానీ వాడండి. ఎండుతున్నదాన్ని పూర్తిగా పొడి అన్నారంటే సరిహద్దు గీత ఫ్రేములోకి రాలేదు, లేదా పోలరైజర్ విప్పడం మరిచారు.
- 100 శాతం జూమ్ చేసి మీరు ఫోకస్ ఇచ్చిన చోటునే చూడండి. మసక ఒకే దిక్కుకు సాగినట్టుంటే కెమెరా గానీ వస్తువు గానీ కదిలింది. మసక ఏ దిక్కుకూ సాగకుండా, ఇంకోచోట పదును ఉంటే ఫోకస్ తప్పింది. రెండింటికీ మందు వేరు. మొదటిదానికి టైమర్, ఫ్యాన్ ఆపడం. రెండోదానికి మాన్యువల్ ఫోకస్.
- హిస్టోగ్రామ్ (ఫోటోలో నలుపు ఎడమకు, తెలుపు కుడికి చూపించే గ్రాఫ్) కుడి అంచుకు గుద్దుకుంటే తెల్ల బట్ట మీద, లేత మట్టి మీద వివరం పోయినట్టే. ఎక్స్‌పోజర్ మూడో వంతు స్టాప్ చొప్పున తగ్గిస్తూ మళ్ళీ తీయండి. ఎడమ అంచున కొంచెం ఆనుకుంటే పరవాలేదు, ముఖ్యంగా నల్ల చార్ట్ వాడినప్పుడు. ఆ నలుపు మనం కోరి తెచ్చుకున్నదే.